రేవు దగ్గర వశీకరణం

“పడవామె మీద వశీకరణ మంత్రం వేస్తున్నానండీ,” అన్నాడు జకరయ్య, ఎవరి మొహమూ చూడకుండా.

జంతిక నోట్లో పెట్టుకోబోతున్న బాబీ ఆగిపోయాడు. బందరులో దుర్గాదేవి గారి మేడమీద గదిలో రెండేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ నలుగురూ ఆడే ఆట ఇది. అంతా నోటిమాటల మీదే నడుస్తుంది. రోల్డుగోల్డు నగలకి డిజైన్లు గీసే సుచిత్ర కథ చెబుతుంది. కథలో ఎదురయ్యే రాజుకీ, దొంగకీ, దారినపోయే దానయ్యకీ ఆమే గొంతు. మిగతా ముగ్గురికీ తలా ఒక వేషం. సెల్ ఫోన్ల షాపు బాబీ కత్తివీరుడు, పోస్టాఫీసు దుర్గాదేవి గారు వైద్యురాలు, జకరయ్య మాంత్రికుడు. తలపెట్టిన పని అయిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

మాంత్రికుడన్న పేరే గానీ జకరయ్య ఇన్నాళ్లలో దీపాలు వెలిగించాడు, తాళాలు తెరిచాడు, అంతే. మనిషి మీద మంత్రం వెయ్యడం ఇదే మొదలు.

దానికి కారణముంది. రేపటినుంచి అతనికి ఒడిశాలో రొయ్యపిల్లల హేచరీలో ఉద్యోగం. నాగాయలంకలో చెరువు నీళ్లు పరీక్ష చేసుకునే మనిషికి మంచి అవకాశమే. కానీ వెళ్లేలోపు సుచిత్రని పెళ్లి మాట అడగాలి, ఇవాళ తప్పితే మళ్లీ ఎప్పుడో. పొద్దున చర్చిలో ప్రార్థన చేసుకున్నాడు. బస్సులో అవనిగడ్డ దాటేదాకా నాలుగు రకాలుగా మాటలు కూర్చుకున్నాడు. మేడమెట్లు ఎక్కేసరికి ఒక్కటీ గుర్తులేదు. పాపం, రెండేళ్లయినా ఆమెని ‘గారు’ అనకుండా పిలవలేని మనిషి. ఆటలో అయితే మాంత్రికుడి నోటితో అడగచ్చని ఆశపడ్డాడు.

కథలో ముగ్గురూ ఏటి రేవులో ఉన్నారు. కొత్తవాళ్లని ఏటవతల కోట ఉన్న లంకకి దాటించకూడదని రాజాజ్ఞ. పడవామె కుదరదంది. బాబీ కత్తి దూస్తానన్నాడు. అప్పుడే జకరయ్య మంత్రం మాటెత్తాడు.

మనసు మీద వేసే మంత్రాలకి ఆ గదిలో ఒక కట్టడి ఉంది. పాచిక సుచిత్ర అట్ట చాటున వేస్తుంది, ఎంత పడిందో చెప్పదు. అవతలి మనసులో ఏముందో ముందే తెలిసిపోతే ఇంకేం ఆట అని ఆమె వాదన. అవతలి మనిషి ఏం చేసిందో చూసి మనమే గ్రహించుకోవాలి.

పాచిక దొర్లిన చప్పుడైంది. సుచిత్ర ఒక్క క్షణం దానివంకే చూసింది.

“పడవామె తాడు విప్పింది. ఎక్కమంటోంది,” అంది.

బాబీ పళ్లికిలించి జకరయ్య భుజం చరిచాడు. ఇంకేముంది, ఈమె చేతే కోట తలుపులు కూడా తీయిద్దామన్నాడు. అదేం కుదరదంది సుచిత్ర. వశీకరణమంటే మనిషిని బానిసని చెయ్యడం కాదు, వేసినవాడిని ఆప్తుడనుకుంటుందంతే. ఆప్తుడు అడిగినా చెయ్యని పని మంత్రం వేసినా చెయ్యదు. గంటకి మంత్రం దిగిపోతుంది, దిగాక తనమీద ప్రయోగం జరిగిందని తెలిసి మండిపడుతుంది. మా ఆయన పెళ్లిచూపుల మాటలు కూడా సరిగ్గా గంటే పనిచేశాయని దుర్గాదేవి గారు అంటే అందరూ నవ్వారు. జకరయ్య మాత్రం నవ్వలేదు.

పడవ నడి ఏటికి చేరింది. పడవామె తన సద్దిమూట విప్పి సగం అన్నం, చేపలపులుసు మాంత్రికుడికి పెట్టింది. ఇంత చిక్కిపోయావేం, వేళకి తినవా అని అడిగింది.

“ఒక్కదానివే ఎన్నాళ్లు వేస్తావు ఈ పడవ?” అన్నాడు మాంత్రికుడు. “నేను వెళ్లే ఊరికి వస్తావా, నాతో?”

“వస్తాను,” అంది సుచిత్ర.

రెండేళ్లుగా వినాలనుకున్న మాట. తీరా చెవిన పడ్డాక అతనికి సంతోషం కాదు, సిగ్గు ముంచుకొచ్చింది. మంత్రమేసి మనిషిని వశం చేసుకుని, ఆ తర్వాత అడగడమా? అదీ ఒక అడగడమేనా? తనమీద తనకే అసహ్యం వేసింది.

“మంత్రం వెనక్కి తీసేసుకుంటున్నానండీ,” అన్నాడు.

బాబీ తల పట్టుకున్నాడు. “నడి ఏట్లోనా బావా? తెలివొచ్చిందంటే మనందర్నీ కలిపి ముంచేస్తుంది.”

“ముంచనీరా. వశమైన మనిషి చేత వస్తానని అనిపించుకుంటే అది నా బతుక్కి అచ్చిరాదు.”

బాబీకి అప్పుడు అర్థమైంది, ఇది పడవామె సంగతి కాదని. దుర్గాదేవి గారికి ఏడాది కిందటే తెలుసు. ఆవిడ జంతికల పళ్లెం మెల్లగా పక్కకి జరిపారు.

జకరయ్య లేచి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నాడు.

“సుచిత్ర గారూ, మాంత్రికుడు కాదండీ, నేను అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా? వద్దంటే ఏమీ అనుకోను. అనుకుంటాను గానీ, మీకు తెలియనివ్వను.”

సుచిత్ర కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా వచ్చింది.

“ఇందాకే చెప్పాగా, వస్తానని.”

“అది మంత్రం పలికించిన మాటండీ. లెక్కలోకి రాదు.”

సుచిత్ర తల అడ్డంగా ఊపింది.

“మంత్రం పారలేదు జకరయ్యా.”