సీటు మీద తువ్వాలు

ఆగస్టు పన్నెండు ఆమెకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం రెండు ఉడికించిన గుడ్లు తింది. మర్నాటి నుంచి ఇంట్లో గుడ్డు లేదు, చేప లేదు, మాంసం లేదు. పోస్టాఫీసులో గుమాస్తా అయిన భర్త, పార్సిళ్ళు తూచినట్టు పప్పు కూడా తూచి వండుతున్నాడు.

అంతా కళ్ళాసుపత్రి డైట్ మేడం పుణ్యం.

"నీ రక్తంలో ఒక అమైనో ఆమ్లం పేరుకుపోతోందట. అది రెటీనాకి చేటు," అన్నాడు, నీళ్ళలో తెల్లపొడి కలుపుతూ. "ఈ పొడి దాని చుట్టమే. బస్సులో ముందే తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, కిడ్నీల దగ్గర దాన్ని మళ్ళీ రక్తంలోకి ఎక్కనివ్వదు. మేడం చెప్పింది."

"తువ్వాలు వేసింది మీ మేడమే. నా సీటు మీద."

"మళ్ళీ మొదలుపెట్టావా!"

"నా కళ్ళకేం రోగం?"

కుట్టుమిషన్ ముందు కూర్చుని, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించి చూపించింది. వీధిలో సగం మంది బట్టలు కుట్టిన కళ్ళవి.

అతనూ గుడ్డు ముట్టడం లేదు. ఆ మేడం ఇంట్లో తినొస్తున్నాడు కాబోలు. ఇంట్లో దొంగలా తిరుగుతున్నాడు. ఎటునుంచి వస్తాడో తెలీదు, తల తిప్పితే పక్కనే ఉంటాడు. నడవలో ఏళ్ళుగా ఉన్న స్టూలు తీసేశాడు. గుమ్మం దగ్గర పట్టా చుట్టేశాడు.

"మహారాణి వస్తే కాలికి తగలకుండానా?" అంది.

నవ్వి, చుట్టిన పట్టా తలుపు వెనక నిలబెట్టాడు.

మొన్న పొద్దువాలాక వీధి మలుపులో అతనిదీ మేడందీ గొంతులు పోల్చుకుంది. మనుషులు మాత్రం విడివిడిగా లేరు. ఒక్కటే నీడ.

ఇవాళ రాత్రి భోజనాల వేళకి ఆ మేడం ఏకంగా ఇంటికే వచ్చింది. వరండాలో మాటలు.

"ఇంకా చెప్పలేదా?"

"నోరు రావడం లేదండీ."

"ఎన్నాళ్ళు దాస్తారు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"సిగ్గు లేదూ? నా ఇంట్లోనే చీకట్లో గుసగుసలా? కనీసం లైటన్నా వేసుకుని మాట్లాడుకోండి!"

మేడం చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.

అతను తన నెత్తిమీద, సాయంత్రం నుంచీ వెలుగుతూనే ఉన్న వరండా బల్బు వంక ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.