పసుపు పూసిన రాయి

రాసుకో నాయనా. బ్రహ్మాజీ మోకాలు చితగ్గొట్టింది నేనే, వాడి గునపంతోనే. రెండు దెబ్బలేశా. మూడోది తల మీద పడేదే, ఊళ్ళోవాళ్ళు పట్టుకున్నారు.

మా చేను సాగర్ ఒడ్డున. దున్నితే విజయపురి రాజుల పట్నం ఇటుకలు ఇప్పటికీ నాగలికి తగులుతాయి. గట్టు మీద వాళ్ళనాటి బొమ్మల రాయి ఒకటుంది. నలభై ఏళ్ళుగా దానికి పసుపు పూసి, పోలేరమ్మని మొక్కుతున్నా. ముసల్ది ఇంత పూజ చేస్తోందంటే కింద నిధి ఉండే ఉంటదని, వాడు పట్టపగలే రాయిని పెళ్ళగించబోయాడు.

"ఏందే ముసిల్దానా, ఎంత బంగారం దాచావు?" అన్నాడు. అప్పుడే కొట్టా.

ఇందాక మీ ఎస్సై వచ్చి నవ్వాడు. "చరిత్రని కాపాడావు మామ్మా, నీకు శాలువా కప్పిస్తా. రేపు పురావస్తు శాఖోళ్ళొచ్చి రాయి కింద కుంచెలతో మట్టి తీస్తారు. చిన్న ఎముక దొరికినా దాస్తారు."

శాలువా నాకెందుకు? రెండో కేసు కూడా రాసుకో.

ఆ ఎముకలు రాజులవి కావు, నా మొగుడు అంజయ్యవి. తాగొచ్చి నా మీద గొడ్డలెత్తాడు. లాక్కుని నేను దించా. దేశాలు పట్టిపోయాడని ఊరికి చెప్పా.

ఎవరూ తవ్వకూడదనే నాయనా, ఆ రాయికి పసుపు పూసింది.