మోక బస్సులో పిల్లల దొంగ

ఆ కార్టూన్ పెడితేగానీ భూమిక ముద్ద మింగదు.

నాలుగేళ్ల పిల్ల. కార్టూన్‌లో ఊరేమో సముద్రం అవతల, మలయా దేశంలో ఒక పల్లె. కట్టె స్తంభాల మీద నిలబెట్టిన ఇళ్లు. అవాంగ్ మలయా సాయిబుల పిల్లాడు, మేయ్ చీనా పిల్ల, ముత్తు అరవ పిల్లాడు. ఎవరింట్లో పండగైతే ముగ్గురికీ ఆ ఇంట్లోనే భోజనం. టీవీలో మాత్రం చక్కగా తెలుగు మాట్లాడుకుంటారు.

భూమికకు అవాంగ్ అంటే ప్రాణం. వాడు నవ్వితే నవ్వుతుంది, వాడు ఏడిస్తే అన్నం వదిలేస్తుంది.

"ఎంత మంచోళ్లబ్బా ఆ ఊరోళ్లు! ఏ జాతోళ్లు వచ్చినా కూకోబెట్టి అన్నం పెడ్తారు" అని తల్లి సౌభాగ్య కూడా రోజూ మెచ్చుకునేది.

మెచ్చుకోవడానికేం, సొమ్మా, శ్రమా!

ఆ రోజు తల్లీకూతుళ్లు బళ్లారిలో మోక ఊరికి పోయే బస్సెక్కారు. ఎండ మండిపోతోంది. పిల్ల నిద్రపోయింది. దారిలో బస్సు ఆగితే, పిల్లను సీట్లో పడుకోబెట్టి సౌభాగ్య నీళ్ల బాటిల్ కోసం దిగింది.

భూమిక లేచింది. అమ్మ లేదు. గుక్కపట్టి ఏడ్చింది.

బస్సు నిండా జనం. ఒక్కరూ కదల్లేదు.

పక్క సీటులో ఉన్న ఆవిడ లేచి ఎత్తుకుంది. యాభై దాటిన మనిషి. నలిగిన నూలు చీర. బొట్టు లేదు, మెడలో ఒక పూస కూడా లేదు. పిల్ల చెవిలో ఏదో చెప్పింది. ఏడుపు టక్కున ఆగింది. ఇంకేదో చెప్పింది. పిల్ల కిలకిలా నవ్వి ఆవిడ మెడను వాటేసుకుంది.

అప్పుడొచ్చింది సౌభాగ్య.

"ఏయ్! ఎవరు నువ్వు? నా బిడ్డనెందుకు ఎత్తుకున్యావు?"

"ఏడుస్తాంటే ఎత్తుకున్యానమ్మా."

"భూమీ, రావే ఈడికి!"

"నేను రాను పో!"

కన్నతల్లి పిలిస్తే బిడ్డ రానంటుందా?

"మందు పెట్టినట్టుండాది!" వెనకనుంచి ఎవరో అన్నారు. అన్నదెవరో ఇప్పటికీ తెలియదు. వారం రోజులుగా అందరి ఫోన్లలోనూ అదే గోల, పిల్లలనెత్తుకుపోయే ముఠా దిగిందని. కాబట్టి అందరూ నమ్మారు.

హొన్నూరుస్వామి లేచాడు. మోకలో పురుగుమందుల అంగడి ఉన్న పెద్దమనిషి.

"ఏ ఊరు నీది?"

"పుట్టింది కూరెకుప్పప్పా. పేరు కృపమణి. ఇప్పుడుండేది హైదరాబాదు. ఆడ నేను..."

"కూరెకుప్పలో నాకు తెలీనోళ్లు యాడుండారు?"

సంచీ లాక్కుని బోర్లించాడు. ఒక జత బట్టలు, బైబిలు, వేడినీళ్ల ఫ్లాస్కు, పొట్లంలో ఏదో పచ్చని పొడి.

"ఇదో, మత్తుమందు!"

"అతిమధురమప్పా అది. గొంతు బాగుండాలని నీళ్లలో కలుపుకుని తాగుతా."

అందరూ నవ్వారు.

పిల్లను లాక్కుని మొదటి దెబ్బ సౌభాగ్యే వేసింది. తరువాత చెప్పేదేముంది, తిలాపాపం తలా పిడికెడు. కర్ర లేనిదే నిలబడలేని ముసలాయన కూడా పక్కవాడి భుజం పట్టుకుని లేచి, తన వంతు ఒకటి వేసి కూర్చున్నాడు. భీమేష్ అనే కుర్రాడు ఫోన్ పైకెత్తాడు.

"లైవ్ పెడ్తాండా. మొగం ఈ పక్క తిప్పండన్నా."

తిప్పారు. ఛీ!

హొన్నూరుస్వామి ఆవిడ కొంగునే ఆవిడ మెడకు చుట్టి, తలుపు వైపు లాగాడు.

"కొట్టండప్పా... ఎంతన్నా కొట్టండి. గొంతొకటి వదలండి. నా బతుకంతా దాంట్లోనే ఉండాది."

వాడు ఇంకో చుట్టు బిగించాడు. ఆవిడ మళ్లీ ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు.

ఎవరో ఫోన్ చేస్తే పోలీసులొచ్చి జీపులో ఎక్కించుకుపోయారు. బస్సు కదిలింది.

"అవాంగ్! అవాంగ్!" అని భూమిక గుండెలవిసేలా ఏడ్చింది.

నాలుగేళ్ల పిల్ల మాట ఎవరికి కావాలి? కార్టూన్ కోసం ఏడుస్తోందనుకుని సౌభాగ్య ఫోన్‌లో పెట్టిచ్చింది. అవాంగ్ ముద్దుముద్దుగా మాట్లాడుతుంటే బస్సంతా చెవులప్పగించి విన్నది.

"ఎంత సక్కగా పలుకుతాండాడబ్బా పిల్లోడు!" అని హొన్నూరుస్వామి మురిసిపోయాడు. కొంగు బిగించిన ఆ చేత్తోనే భూమిక బుగ్గ నిమిరాడు.

ఆవిడ దొంగ కాదనీ, అక్క కూతురి పెళ్లికి వచ్చిందనీ మరునాటికే తెలిసింది. ఆస్పత్రిలో ఉందనీ తెలిసింది. తప్పయిందని చెప్పడానికి ఒక్కరూ పోలేదు. ఊరంతా చూశాక భీమేష్ వీడియో తీసేశాడు.

"ఏమైనా మన జాగ్రత్త మనది కదా" అంది సౌభాగ్య.

దీన్ని జాగ్రత్త అంటారట!

రెండు నెలలకు కార్టూన్‌లో కొత్త కథలు మొదలయ్యాయి. సౌభాగ్య అన్నం కలుపుకుని కూతురి ముందు కూర్చుంది. తెర మీద అవాంగ్ ముత్తు ఇంటికి పరుగెత్తుకొచ్చి, ఆకలేస్తోందని అరిచాడు.

భూమిక నోట్లో ముద్ద ఉమ్మేసింది.

"ఈడు అవాంగ్ కాదు."

"అవాంగేలేవే. సూడు, అదే నల్ల టోపీ."

"కాదు!"

కథ అయిపోయింది. తెర మీద ఒక ఫోటో వచ్చింది. దాని కింద రెండు వాక్యాలు. ఇన్నేళ్లూ అవాంగ్‌కు తెలుగులో గొంతునిచ్చిన కృపమణి గారికి కృతజ్ఞతలు. మెడకు తగిలిన గాయం వల్ల ఆమె ఇక మాట్లాడలేరు.

సౌభాగ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

భూమిక మాత్రం సంబరంగా తెర దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, ఇదో అవాంగ్! బస్సులో మనం కొట్టిన అవాంగ్!"