ఎదురెదురు టీవీలు

"ఇవిగో ఇంటి తాళాలు. వెళ్తున్నా," అన్నాడు దత్తాత్రేయ.

మనోజ్ఞ కంగారుగా చుట్టూ చూసింది. నందిగామ కల్యాణమండపం నిండా జనం. ఆమె వీడియో ప్రదర్శన అప్పుడే మొదలైంది. ఈయనేమో చేతిలో సూట్‌కేసుతో వచ్చి సరిగ్గా హాలు మధ్యలో నిలబడ్డాడు.

"ఎక్కడికండీ?" అంది గొంతు తగ్గించి.

"పలాస. బ్యాంకులో బదిలీ అయింది. రేపే చేరాలి."

"బదిలీయా? పెళ్లానికి ఒక్క మాటైనా చెప్పకుండా, పదిమందిలో తాళాలు తెచ్చి చేతిలో పెడతారా? ఇవాళే దొరికిందా మీకు?"

"చెప్పా మనోజ్ఞా. నిన్ను అడిగాకే బదిలీకి పెట్టుకున్నా. నువ్వు సరేనన్నావు."

"నేనా? ఎప్పుడు?"

అతను జవాబు చెప్పేలోగా ముఖ్య అతిథి రామబ్రహ్మం గారు పిలిచారు. రిటైరైన తెలుగు లెక్చరరు ఆయన. మనోజ్ఞ మొహాన నవ్వు పులుముకుని అటు పరుగెత్తింది. దత్తాత్రేయ సూట్‌కేసు గోడవారగా పెట్టి వెనకే నడిచాడు.

ప్రదర్శనకి హాల్లో పెట్టినవన్నీ జగ్గయ్యపేట ఇళ్లల్లో అటకల మీంచి దింపించిన పాత డబ్బా టీవీలు. కొన్నిటికి చెక్క తలుపులు కూడా ఉన్నాయి. ఒక్కో తెర మీద ఒక్కో మనిషి, ఏదో చెప్పుకుంటూ. టీవీలు ఎదురెదురుగా పెట్టడంతో ఒకరితో ఒకరు కష్టసుఖాలు కలబోసుకుంటున్నట్టే ఉంది. మాట మాత్రం ఒక్కటీ వినపడదు. అన్నిటికీ సౌండు పూర్తిగా తగ్గించేసింది మనోజ్ఞ.

రామబ్రహ్మం గారు చివరి టీవీ ముందు ఆగిపోయారు. అందులో ఒకాయన కంచం ముందు కూర్చుని, అన్నం కెలుకుతూ ఏదో చెబుతున్నాడు. మధ్యమధ్య తలెత్తి ఆశగా చూస్తున్నాడు.

"అన్నిట్లోకీ ఇది గుండె పిండేసిందమ్మా. పాపం, ఇంత చెప్పుకుంటున్నాడు, వినే దిక్కు లేదు. ఎవరమ్మా ఈయన?" అంటూ పక్కకి చూసి ఉలిక్కిపడ్డారు. "అరె, మీరేనా?"

"నేనేనండి. ఈవిడ భర్తని."

"అద్భుతంగా నటించారండీ!"

మనోజ్ఞ మొహం వెలిగిపోయింది.

"నటన కాదు సార్. మామూలుగా భోంచేస్తూ మాట్లాడుతుంటే తీశా."

"ఏం మాట్లాడుతున్నారమ్మా?"

"ఏమో సార్, ఎడిటింగ్ కూడా సౌండు కట్టేసే చేశా. మాటలు పట్టించుకుంటే మొహం మీద దృష్టి నిలవదు. నాకు కావాల్సింది ఆ కళ్లల్లో ఒంటరితనం."

చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల చాటున మనోజ్ఞ మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"చూశారా, నా పనికి ఎంత గౌరవమో! ఇలాంటి రోజున అబద్ధాలాడతారా? నేను సరేనన్నానట! ఎప్పుడన్నానో చెప్పండి, చూద్దాం."

"చెప్తా," అని దత్తాత్రేయ వంగి ఆ టీవీ సౌండు పెంచాడు.

పాత స్పీకరు కరకరలాడింది. హాలంతా అటు తిరిగింది.

"...ఒకే ఇంట్లో ఉంటూ ఇలా పరాయివాళ్లలా బతకడం నావల్ల కావట్లేదు మనోజ్ఞా. దూరంగా ఎక్కడికైనా బదిలీకి పెట్టుకుంటా. వెళ్తే మళ్లీ రాను. విడిపోదాం. వద్దంటావా, ఇప్పుడే చెప్పు, ఆగిపోతా."

తెర మీద దత్తాత్రేయ తలెత్తి ఎదురుచూశాడు. మనోజ్ఞ సౌండు తగ్గించబోయింది.

అప్పుడు కెమెరా వెనక నుంచి ఆమె గొంతే, ఎంతో ఆప్యాయంగా వినిపించింది.

"సరేనండీ... కాస్త ఎడమకి తిరగండి, మొహం మీద వెలుతురు పడట్లేదు."