ఏకవచనం రోజు

ఆ రోజు ఆఫీసరుని ‘ఒరేయ్’ అనొచ్చు.

నిజం ఆఫీసరుని కాదు లెండి. అంత గుండె ఆ ఆఫీసులో ఎవడికుంది? వెనకటి ఆఫీసరొకాయన సరదా మనిషి. ఆఫీసు తెరిచిన తేదీ నాడు, ఏడాదికోసారి, అటెండరు పొట్టకి దిండు కట్టుకుని, మొహానికి రంగులు మెత్తుకుని, పాత కోటొకటి తొడుక్కుని ఆఫీసరు కుర్చీలో కూర్చోవాలనీ, మధ్యాహ్నం దాకా అందరూ అతన్ని ఏకవచనంలోనే పిలవాలనీ పెట్టిపోయాడు. ఇప్పుడున్నాయనకి ఇది గిట్టదు. మాన్పించే ధైర్యమూ లేదు. ఏటా ఆ పూట సెలవు పెట్టి తప్పుకుంటాడు. ఈ ఏడూ సెలవు చీటీ ముందురోజే బల్లెక్కింది.

ఆ చీటీ హెడ్ క్లర్కు కొంప ముంచింది. అతని ప్రమోషన్ ఫైలు నెల్లాళ్లుగా ఆఫీసరు బల్ల మీద మురుగుతోంది. వేషం రోజు సాయంత్రంతో గడువు సరి. సంతకం పడిందా, పై ఆఫీసులో గదీ గంటా దక్కుతాయి. పడలేదా, రిటైరయ్యేదాకా కక్కసు పక్కనున్న ఆ మూల కుర్చీయే గతి.

“కావాలనే పెట్టాడు సెలవు. ఒళ్లంతా కుళ్లే వాడికి,” అన్నాడు టైపిస్టమ్మతో, గొంతు తగ్గించి. ఆఫీసరు ఊళ్లో లేకపోయినా ఆయన్ని తిట్టేటప్పుడు గొంతు తగ్గించడం అతనికి పంతొమ్మిదేళ్ల అలవాటు.

పదిన్నరకి అందరూ కలిసి ఆఫీసరు గది తలుపు తోశారు. కుర్చీ నిండా ఓ ఆకారం కూర్చుని ఉంది.

చూడగానే చప్పట్లు మోగాయి. ఇంత రోత వేషం ఏ ఏడూ చూడలేదు. ఒక కన్ను పూర్తిగా పూడిపోయింది. రెండోది కత్తిగాటంత. ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దేవుడికెరుక. కింది పెదవి వంకాయలా వేలాడుతోంది, దాని కొసన చొంగ. చెవులా అవి, చేటలు. మెడ అన్నది లేదు. పొట్ట మాత్రం యజమానిలా బల్లెక్కి కూర్చుంది.

అసలాయన మొహం దీనికంటే గొప్పేం కాదనీ, ఏ మాటకామాటే చెప్పుకోవాలంటే దీనికే కాస్త కళ ఉందనీ హెడ్ క్లర్కు తేల్చాడు. జనం డొక్కలు పట్టుకున్నారు.

ఆకారం ఏదో చెప్పబోయింది. “ఊఁ... ఊఁ...” తప్ప మాట పెగల్లేదు.

“అచ్చం వాడి మూలుగే,” అంది టైపిస్టమ్మ. “సెలవడిగితే ఇలాగే ఏడుస్తాడు.”

దాంతో హెడ్ క్లర్కుకి పూనకం వచ్చింది. ఇంట్లో పెళ్లాన్ని కూడా ‘అండీ’ అని పిలిచే పిల్లి అతను. అలాంటివాడి నోట్లో ‘ఒరేయ్’ పడేసరికి, పళ్లు లేనివాడికి పంచదార పలుకు దొరికినట్టయింది. చప్పరించి చప్పరించి వదిలాడు.

“ఒరేయ్ కుండబొర్రా, నీ మనవడి హోంవర్కు మూడేళ్లు రాశానురా. వాడు ఫెయిలైతే నాకు మెమో ఇచ్చావు. గుర్తుందా?”

ఆకారం తల అడ్డంగా ఆడించింది. గుర్తు లేదంటోందని అందరూ మరీ నవ్వారు. ఆయనా అంతే కదా, పని గుర్తుండదు, మెమో గుర్తుంటుంది.

హెడ్ క్లర్కు రూళ్లకర్ర తీసి పొట్టలో పొడిచాడు. దిండు మంచి దూదితోనే కుట్టించాడని మెచ్చుకున్నాడు. టైపిస్టమ్మ చెత్తబుట్ట తెచ్చి ఆ తల మీద బోర్లించింది. చిత్తుకాగితాలూ, పెన్సిల్ పొట్టూ, ఎవరో నమిలి ఉమ్మిన చూయింగ్ గమ్మూ చెవుల మీదుగా జారాయి. పట్టాభిషేకం పూర్తయిందని గుమాస్తాలంతా వంగి దణ్ణాలు పెట్టారు. ఏడాది పొడుగునా పెట్టేవే కాబట్టి నడుములు వాటంతటవే వంగాయి.

ఆకారం పోట్లాడలేదు. బుట్ట నెత్తినుండగానే చేతులతో బల్లంతా తడిమింది. ఒక ఫైలు దొరికింది. దాన్ని కంటికానించుకుని చూసింది. చివరి పేజీ తీసింది. జేబులోంచి పెన్ను లాగింది.

హెడ్ క్లర్కు తొంగి చూశాడు. అది తన ఫైలు. ఈ వెధవ వేళాకోళానికి దాని మీద దొంగ సంతకం గిలికితే ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉద్యోగమే ఊడుతుంది. ఒక్క గెంతులో వెళ్లి ఫైలు లాక్కున్నాడు. దాంతోనే ఆ బుగ్గ మీద ఒక్కటిచ్చాడు కూడా.

“వేషం వేషంలా ఉండాలిరా గాడిదా. నా బతుకు మీద నీ సంతకం ఎవడిక్కావాలి?”

కత్తిగాటంత కంట్లోంచి ఓ చుక్క జారి వంకాయ పెదవి మీద ఆగింది. ఆకారం పెన్నుకి నింపాదిగా మూత పెట్టి జేబులో పెట్టుకుంది.

ఏం నటన అని మళ్లీ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలోనే, పొట్టకి దిండు కట్టుకుని, చేతిలో మందు సీసాతో రొప్పుతూ లోపలికొచ్చిన అటెండరు, “ఏమనుకోకండి బాబూ, మీ ఫైలు గడువు ఇవాళ్టితో సరని సెలవు మానుకుని వస్తున్న అయ్యగారి మొహాన్ని దార్లో కందిరీగలు కుట్టేస్తే మందు కోసం పరిగెత్తాను,” అన్నాడు.