ఐలవ్వ అడిగిన మాట

“జర ఆగు లింగమూర్తీ. నాది ఒక మాట ఉన్నది,” అంటూ ఐలవ్వ ఆడవాళ్ల మధ్యలోంచి లేచి నిలబడింది.

చొప్పదండి అంగడి మైదానంలో చప్పట్లు ఇంకా సద్దుమణగలేదు. తమ పార్టీని గెలిపిస్తే ఏడాది తిరిగేలోగా ఈ ఊళ్లోనే కాలేజీ తెరిపిస్తామని అభ్యర్థి లింగమూర్తి అప్పుడే మైకులో చెప్పాడు.

పక్కనున్న కమలవ్వ కొంగు పట్టి లాగింది. “కూసో ఐలవ్వా. గింతమందిల నువ్వే లేస్తే ఎట్ల?”

“నేను లేవకపోతె ఎవలు లేస్తరు?”

వేదిక మీదున్న కార్యకర్త కొండల్ చెయ్యి అడ్డంగా ఊపాడు. “అవ్వా, మీటింగు అయినంక మాట్లాడుకుందాం.”

“ఆమెను ఆపకు,” అన్నాడు లింగమూర్తి. “అడుగు అవ్వా.”

అడగడం ఐలవ్వకు తేలికేం కాదు. కానీ ఇంట్లో కూతురి బిడ్డ బాలలక్ష్మి ఉంది. పోయిన ఎండాకాలం మెట్రిక్ పాసయింది. ఊరి ఆడపిల్లల్లో ఆమే మొదటిది. ఆ రోజు ఐలవ్వ అడగనివాళ్లను కూడా ఆపి మరీ చెప్పింది. ఆ సంబరం అక్కడితో సరి. కరీంనగర్‌లో కాలేజీ ఉన్నా, ఆడపిల్ల ఉండే చోటు దొరకలేదు. పరాయి ఇంట్లో ఉంచడానికి పిల్ల తండ్రి వెంకటి ఒప్పుకోలేదు. అందుకే కాలేజీ అన్న మాట ఎవరి నోట వచ్చినా, కొనేముందు విత్తనాన్ని కొరికి చూసినట్టు చూస్తోంది ఐలవ్వ.

“పోయిన ఎలక్షన్ల గూడ మీ పార్టోళ్లు గిదే మాట చెప్పిండ్రు. ఊరవతల రాయి పాతిండ్రు. గా రాయి మీద మేకలు ఎక్కుతున్నయి.”

జనం నవ్వారు. ఐలవ్వ నవ్వలేదు.

“అప్పుడు నువ్వు లేవు, గా తప్పు నీది కాదు. ఇప్పుడు గోడలు లేపుతవు, అనుకుందాం. చెప్పెటోళ్లు ఏడికెల్లి వస్తరు? ఇక్కడి హైస్కూలుకే లెక్కల సారు రాలే. పిల్లలు మెట్రిక్‌ల లెక్కలు తప్పి పొలాల పడ్డరు. పాసైనోళ్లే లేకుంటె నీ కాలేజీల ఎవలు కూసుంటరు? ముందుగాల గిది చెప్పు.”

కొండల్ వేదిక మీద వంగి లింగమూర్తి చెవిలో ఏదో అన్నాడు. రెండు ముక్కలు చెప్పి దాటేయమని కావచ్చు. దాటేయడం లింగమూర్తికి చేతకాక కాదు. జిల్లాలో అంత మాటకారి లేడు. అతను కొండల్‌ను పక్కకు జరిపి మైకు దగ్గరకు వచ్చాడు.

“అవ్వా, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఏడాదిల కాలేజీ అని పార్టీ చెప్పుమన్నది, నేను చెప్పిన. నువ్వు చెప్పినంక ఆలోచిస్తే, అది అయ్యే పని కాదనిపిస్తున్నది.”

కొండల్ తల పట్టుకున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఐలవ్వ మాత్రం నిటారుగా నిలబడి ఒక్క క్షణం అతన్నే చూసింది. ఆమె గుండె ఉప్పొంగింది. కళ్లల్లో నీళ్లు తిరిగితే కొంగుతో గబుక్కున తుడుచుకుని కూర్చుంది.

మరునాడు అదే మైదానానికి ఎదుటి పార్టీ అభ్యర్థి హనుమండ్లు సారు వచ్చాడు. ఒకప్పటి హెడ్మాస్టరు. గొంతు పెద్దది కాదు, జనమూ పలచగానే వచ్చారు.

“కాలేజీ తెస్తనని నేను చెప్ప,” అన్నాడాయన. “మన హైస్కూలుకు లెక్కల సారును తెప్పిస్త. కరీంనగర్‌ల ఆడపిల్లలకు హాస్టలు పెట్టిపిస్త. గీ రెండు చేయకపోతె మళ్ల ఓటు అడగ రాను.”

ఐలవ్వ ఈసారి లేవలేదు. అంతా విని ఇంటికి వచ్చింది.

“అమ్మమ్మా, ఎవలికి ఏస్తవు?” అడిగింది బాలలక్ష్మి.

“నీ చదువుకు ఏస్త.”

“మంది ఏమంటరో.”

“అననియ్యి బిడ్డా. ఓటు నాది.”

పోలింగు నాడు ఆమె ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు వెళ్లి ఓటు వేసి వచ్చింది. లెక్కింపు రోజు సాయంత్రానికి కబురు తెలిసింది. హనుమండ్లు సారు గెలిచాడు, అదీ కొద్ది ఓట్లతోనే. ఐలవ్వ అడిగిన మాట ఊరూరా పాకిందనీ, అదే ఫలితాన్ని తిప్పేసిందనీ అందరూ చెప్పుకున్నారు.

డప్పులతో వస్తున్న ఊరేగింపు ఐలవ్వ వాకిట్లో ఆగింది. మెడ నిండా దండలతో హనుమండ్లు సారు దిగి వచ్చి ఆమెకు చేతులు జోడించాడు.

“అవ్వా, నీ అసొంటి మనిషిని నేను యాడా చూడలే.”

“దండాలు తర్వాత సారూ. హాస్టలు మాట మరువకు. మరిస్తె నీ మీటింగుల గూడ లేస్త.”

“మరువ,” అన్నాడాయన. ఇంకేదో అనబోయి, ఇంటి లోపలి వైపు ఒకసారి చూసి, మాట మింగేసి వెళ్లిపోయాడు.

డప్పులు దూరమయ్యాయి. ఐలవ్వ లోపలికి వచ్చి పొయ్యి మీది కుండ దించింది. పీట మీద కూర్చున్న మనిషి ముందు కంచం పెట్టి, వేడి అన్నం వడ్డించింది.

“కోపముందా నా మీద?” అని అడిగింది.

“కోపమెందుకు? నువ్వు నేర్పినట్టే నిజం చెప్పిన. జర పులుసు పొయ్యి.”

ఆమె పులుసు పోసి, కొడుకు లింగమూర్తి తల నిమిరింది.