పెద్దాడి గొంతు

"ఫార్మాట్ మాత్రం చెయ్యకు మాస్, నాయనా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు ముసలాయన పాక్ సుమార్దీ. "అందులో మా పెద్దాడి గొంతుంది."

జావాలోని క్లాటెన్ బజార్లో కంప్యూటర్లు బాగుచేసే హందోకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెర మీద బూట్ లోడర్, అంటే డిస్కు తెరిచి కంప్యూటర్ని నిద్రలేపే ప్రోగ్రాము, మొండికేసి కూర్చుంది. ఈ పార్టిషన్‌లో ఉన్నది నాకు పనికిరాదు పొమ్మంటోంది.

"పెద్దాడెక్కడ?"

"పోయాడు. తలుపు వెయ్యడం మరిచిపోయింది నేనే. తెల్లారి రోడ్డు పక్కన దొరికాడు. అప్పట్నుంచి చిన్నాడు నోరు విప్పలేదు. తిండీ అంతంతమాత్రం. అన్న గొంతు వింటే పలుకుతాడని ఆశ."

హందోకోకీ ఇద్దరు పిల్లలు.

"డాక్టరుకి చూపించారా?"

"నీళ్ళల్లో కలపమని మందిచ్చాడు. గుణం లేదు."

"చిన్నాణ్ణి వెంట తెచ్చారా? లోపలికి తీసుకురండి, తీపి టీ చెబుతాను."

"వద్దులే. కొత్త మొహాలకి బెదురుతాడు. బండి దగ్గర నీడలోనే ఉంచాను."

పిల్లాణ్ణి అలా వీధిలో వదిలేసి వస్తారా ఎవరైనా! హందోకోకి ఈ మనిషీ అర్థం కాలేదు, ఆ డిస్కూ అర్థం కాలేదు. ఫైళ్ళు చూస్తే లినక్స్ పద్ధతి. లోడరేమో, కాదు, విండోస్ పద్ధతే అంటోంది. ఎవరి మాట నమ్మాలి?

గంటసేపు తల పట్టుకున్నాక చిక్కు విడింది.

"విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిందెవరు?"

"మా మేనల్లుడు. పెద్ద తెలివిగలవాడు."

"తెలివి తెల్లారినట్టే ఉంది! కొత్తవాళ్ళు కాపురానికి దిగారు, గుమ్మం మీద పాత అద్దెవాడి పేరు చెరపలేదు. లోడర్ ఆ పేరు చూసి వెనక్కి పోతోంది. లోపలికి తొంగి కూడా చూడదు. ఆ పేరొక్కటీ చెరపాలి పాక్. చెయ్యి జారితే పెద్దాడి గొంతూ దక్కదు."

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "చెరుపు."

చెరిపి, కంప్యూటరు మళ్ళీ వేశాడు. నల్లతెర. హందోకో ఊపిరి బిగబట్టాడు. కాసేపటికి తెర వెలిగింది. వెతికితే ఫైలు దొరికింది: 'పెద్దాడు, జోగ్జా పాటల పోటీ, మొదటి బహుమతి'.

పాటగాడన్నమాట, అనుకున్నాడు. స్పీకరు పూర్తిగా పెంచి నొక్కాడు. మనిషి గొంతు కాదు, సన్నటి కూత వినపడింది.

పాక్ సుమార్దీ చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. హందోకో అయోమయంగా స్పీకరు వంక చూశాడు, ఆ తర్వాత వీధి వంక.

బండి మీది పంజరంలోంచి చిన్నాడు, గుప్పెడంత పిట్ట, అదే కూతతో జవాబు పలికాడు.